డబ్బా మీది అంకెలు, తెర మీది పనితనం

2005 ఈ3 గేముల ప్రదర్శనలో మైక్రోసాఫ్ట్ తన గేమ్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360 శక్తిని ఒక టెరాఫ్లాప్‌గా ప్రకటించింది. సోనీ తన ప్లేస్టేషన్ 3 శక్తి రెండు టెరాఫ్లాప్‌లంది. సెకనుకు లక్ష కోట్ల లెక్కలు ఒకరివి, రెండు లక్షల కోట్లు మరొకరివి. తీరా రెండింటి మీదా వచ్చిన గేములను పక్కపక్కన పెట్టి చూస్తే, తొలి ఏళ్లలో చాలావాటికి ఎక్స్‌బాక్స్ వెర్షనే నున్నగా నడిచింది. టెరాఫ్లాప్ సినిమా బడ్జెట్ లాంటిది. ఎంత పోశారో చెబుతుంది కానీ తెర మీద ఏం పండిందో చెప్పదు. అది తెలియాలంటే గేము తయారుచేసినవాళ్ల చేతిపని చూడాలి.

ఎక్స్‌బాక్స్ 360లో 512 మెగాబైట్ల మెమరీ అంతా ఒకే రాశి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ అందులోంచే వాడుకుంటాయి. దానికి తోడు గ్రాఫిక్స్ చిప్‌కు అతుక్కుని 10 మెగాబైట్ల అతివేగపు మెమరీ ఉంది. బొమ్మ గీయడం అందులోనే జరుగుతుంది. పొగ, మంట, మెరుపుల్లాంటి పారదర్శక పొరలు ఎన్ని వేసినా అది తట్టుకుంటుంది. చిక్కల్లా ఆ 10 మెగాబైట్లలో ఇమడడమే.

2007లో వచ్చిన హేలో 3లో బంగీ స్టూడియో ఈ చిక్కును విప్పిన తీరు ముచ్చటేస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ, గుహలోని చీకటి ఒకే దృశ్యంలో నిజంలా కనబడాలని వాళ్లు ప్రతి ఫ్రేమునూ రెండు బఫర్లలో, అంటే బొమ్మను ఉంచే మెమరీ భాగాల్లో, గీశారు. ఒకటి మామూలు వెలుగుకు, రెండోది మిరుమిట్లు గొలిపే వెలుగుకు. లోతు కొలతలకు మరో బఫర్ ఎలాగూ కావాలి. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, 1280 × 720 సైజులో ఈ మూడూ కలిస్తే పదిన్నర మెగాబైట్లు. అరమెగాబైటు ఎక్కువైంది! అందుకని బొమ్మను 1152 × 640కి కుదించారు. ఇప్పుడు ఎనిమిదిన్నర మెగాబైట్లలోపే సరిపోయింది. నూటికి ఇరవై పిక్సెళ్లు వదులుకుని వెలుగును దక్కించుకున్నారన్నమాట. పిక్సెళ్లు లెక్కపెట్టినవాళ్లు ఎత్తిపొడిచారు కానీ, ఆడేవాడి కంటికి ఆనింది ఆ ఎండే.

ప్లేస్టేషన్ 3ది వేరే కథ. మెమరీ రెండు ముక్కలు: ప్రాసెసర్‌కు 256, గ్రాఫిక్స్ చిప్‌కు 256 మెగాబైట్లు. గ్రాఫిక్స్ చిప్ ప్రత్యర్థి కన్నా ఒక మెట్టు కిందే. బలమంతా సెల్ అనే ప్రాసెసర్‌లో ఉంది. అందులోని చిన్న కోర్లలో గేములకు దక్కేవి ఆరు. ఒక్కోదానికి సొంత మెమరీ 256 కిలోబైట్లే. ఏ కోరుకు ఏ ముక్క ఎప్పుడు అందించాలో ప్రోగ్రామరే చూసుకోవాలి. చూసుకోకపోతే అంత శక్తీ ఖాళీగా కూర్చుంటుంది.

2010 నాటి గాడ్ ఆఫ్ వార్ 3 ఆ శక్తిని పనిలో పెట్టింది. త్రీడీ బొమ్మల్లో ఏటవాలు అంచులు మెట్లుమెట్లుగా కనబడతాయి. వాటిని నున్నగా చేసే పని మామూలుగా గ్రాఫిక్స్ చిప్‌ది. దాని మీది ఆ భారం దించడానికి సోనీ ఇంజనీర్లు 2009లో ఇంటెల్ పరిశోధకుడు అలెగ్జాండర్ రెషెటోవ్ ప్రచురించిన పద్ధతిని అందిపుచ్చుకున్నారు. గీయడం పూర్తయిన బొమ్మలోనే అంచులు వెతుకుతారు. అవి ఎల్, జెడ్, యు అక్షరాల ఆకారాల్లో ఎక్కడెక్కడ మలుపు తిరిగాయో పోల్చుకుంటారు. అసలు గీత ఎటు పోవాలో ఊహించి, పక్క పిక్సెళ్ల రంగులు కలుపుతారు. మొత్తం 20 మిల్లీసెకన్ల పని. దాన్ని ఐదు కోర్లకు పంచితే తలా నాలుగే. గ్రాఫిక్స్ చిప్‌కు ఐదు మిల్లీసెకన్ల దాకా మిగిలింది. సెకనుకు 60 ఫ్రేములు చూపాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లే కాబట్టి ఆ ఐదు చిన్న మొత్తం కాదు. గయా అనే మహాకాయురాలి వీపు మీద కథానాయకుడు క్రేటోస్ ఒలింపస్ కొండ ఎక్కే తొలి ఘట్టంలో, కదులుతున్న కొండంత శరీరం మీద కూడా అంచులు నలగవు. పిక్సెల్ కన్నా సన్నని తీగల్లాంటి గీతల దగ్గర మాత్రం ఈ పద్ధతి తడబడుతుంది.

గాడ్ ఆఫ్ వార్ 3కి కొద్ది నెలల ముందే, 2009లో, అదే ప్లేస్టేషన్ 3 మీద బయోనెట్టా వచ్చింది. ప్లాటినం గేమ్స్ దాన్ని ఎక్స్‌బాక్స్ 360 కోసం తయారుచేస్తే, సెగా ఇటు మార్చింది. అక్కడ 60 ఫ్రేములకు దగ్గరగా పరుగెత్తిన పోరాటాలు ఇక్కడ చాలాచోట్ల 30 చుట్టుపక్కలే కాళ్లీడ్చాయి. ఒక మెషీన్ పోకడలకు తగ్గట్టు రాసినదాన్ని ఇంకోదాని మీదికి తెస్తే, పనిని మళ్లీ మొదటినుంచీ పంచాలి. గాడ్ ఆఫ్ వార్ బృందానికి ఉన్నది ఒకే మెషీన్, చాలినంత సమయం. కాబట్టి ఈ రెండు గేములనూ చూసి ప్లేస్టేషన్ 3 బలమైనదనో బలహీనమైనదనో తీర్పు చెప్పలేం. ఒకే గేము రెండు కన్సోళ్ల మీద ఎలా నడిచిందో చూస్తే ఏ మెషీన్‌తో పని తేలికో తెలుస్తుంది. ఒక్కదాని కోసమే చేసిన గేము చూస్తే ఆ మెషీన్ ఎంతదూరం పోగలదో తెలుస్తుంది. ఈ రెండు ప్రశ్నలనూ కలగలిపినందుకే అభిమానుల వాదనలు తెగలేదు.

గీసిన బొమ్మ మీద తర్వాత అంచులు దిద్దే పద్ధతులు ఆపైన గేముల్లో మామూలైపోయాయి, ఎక్స్‌బాక్స్ 360 గేములతో సహా. బలహీనమైన గ్రాఫిక్స్ చిప్‌ను కాచుకోవడానికి పట్టిన దారి, ఆ ఇబ్బంది లేని మెషీన్లకూ పనికొచ్చింది.