రికార్డులో రైతు ఎవరు? తిరువూరు ప్రాంతపు పాత కవిలెలు, వంశవృక్షాలు - ఒక విమర్శ

తాతముత్తాతల ఆనవాళ్ళు వెతికి వంశచరిత్ర రాసుకోవటం మన జిల్లాల్లో చాన్నాళ్ళుగా ఉన్న పనే. ఒకప్పుడు రాజులకీ జమీందార్లకీ భట్రాజులు ఈ పని చేసిపెట్టేవారు. తర్వాత కులచరిత్రలు వచ్చాయి. కొత్త భావయ్య చౌదరి రాసిన ‘కమ్మవారి చరిత్ర’ లాంటి పుస్తకాలు శాసనాలు తిరగేసి వ్యవసాయ కులానికి రాచమూలాలు చూపెట్టాయి. ఇప్పుడు ఇంటిపేరుకొక పుస్తకం వస్తోంది. పద్ధతి దాదాపు ఒకటే. కైఫీయత్తులో ఊరిపేరు పట్టుకుంటారు. ఇనాం రిజిస్టర్లో ఒక పెద్దాయన పేరు, జమీందారీ లెక్కల్లో ఆయన కట్టిన శిస్తు, సెటిల్మెంట్ అడంగల్లో కొడుకుల పట్టా నంబర్లు దొరకబుచ్చుకుంటారు. వాటిని ముడివేసి ఏడెనిమిది తరాల చెట్టు గీస్తారు. ఆ చెట్టుకింద ఒక మాట రాస్తారు: మాది అనాదిగా వ్యవసాయ కుటుంబం.

ఈ మాట దగ్గర ఆగి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ వ్యవసాయం చేసిందెవరు? అరక కట్టిందెవరు, నాట్లేసిందెవరు, రాత్రుళ్ళు చేలో కాపలా పడుకున్నదెవరు? అదే పొలంలో తరతరాలుగా పాలేరుతనం చేసిన మాల, మాదిగ కుటుంబాలు కూడా వ్యవసాయ కుటుంబాలే కదా. వాళ్ళ చెట్టు ఎందుకు గీయలేకపోతున్నాం? రికార్డు దొరకలేదనేది జవాబు కాదు. రికార్డులో ‘రైతు’ అనే మాటకి అర్థమేమిటో చూస్తేనే జవాబు దొరుకుతుంది. ఇవాళ వంశచరిత్రలుగా అచ్చవుతున్నవాటిల్లో చాలావరకు శిస్తు కట్టిన హక్కు చేతులు మారిన చరిత్రలు. శ్రమ తరాలు మారిన చరిత్ర వాటిలో లేదు.

దీన్ని తిరువూరు వైపు నుంచి చూద్దాం. ఇది పాత కృష్ణా జిల్లా ఉత్తరపు కొస, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. డెల్టా కాదు, మెట్ట. బ్రిటిష్ కాలంలో జమీందారీ ప్రాంతం. పక్కనే నైజాం సరిహద్దు. అసెంబ్లీలో షెడ్యూల్డు కులాలకు రిజర్వయిన స్థానం. ఓటుకి దళితులు కనపడే ఊళ్ళివి. కవిలెలో ఎట్లా కనపడతారన్నదే మన ప్రశ్న.

కైఫీయత్తు ఎవరి నోటి మాట?

వంశచరిత్రకారులు మొదట పట్టుకునేది కైఫీయత్తుల్ని. కర్నల్ కాలిన్ మెకంజీ (1754-1821) కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల్లాంటి పండితుల చేత ఊరూరా సేకరింపజేసిన సమాచారం అది. ‘లోకల్ రికార్డ్స్’ పేరుతో మద్రాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో భద్రపడింది. దాని విలువని కాదనక్కర్లేదు. అయితే సేకరించినవాళ్ళెవరు? బ్రాహ్మణ పండితులు. ఊళ్ళో వాళ్ళకి చెప్పిందెవరు? ఎక్కువగా కరణాలు. చూపెట్టిందేమిటి? కరణాల ఇళ్ళల్లో ఉన్న దండకవిలెలు. అంటే ఊరి చరిత్ర పేరుతో కరణం తన మిరాశీని తాను చెప్పుకున్నాడు.

ఒక్క ఉదాహరణ చాలు. కాకతి గణపతిదేవుని మంత్రి గోపరాజు రామన్న బ్రాహ్మణులకు గ్రామ మిరాశీలు నిర్ణయించాడని గుంటూరు సీమ కైఫీయత్తులు చాలావాటిలో ఉంటుంది. ఆ సంగతి జరిగింది శక 1067లో అంటారు. శక 1067 అంటే క్రీ.శ. 1145. గణపతిదేవుడు గద్దెనెక్కింది 1199లో. లెక్క ఎక్కడా కుదరదు. అయినా ఊరి తర్వాత ఊరు ఇదే కథ చెప్పింది. ఎందుకంటే అది చరిత్ర కోసం చెప్పిన కథ కాదు, కరణీకం తమదేనని నిలబెట్టుకోవటానికి చెప్పిన కథ. తేదీ తప్పయినా హక్కు మాత్రం నిలబడింది. అదే మాలపల్లెలో ముసలామె తన అత్తమామల పేర్లు ఐదు తరాలు వరసగా చెబితే మన విశ్వవిద్యాలయాలు ఆధారమేదని అడుగుతాయి. కరణం నోటిమాట కాగితం మీద పడింది కాబట్టి ఆధారం, ఈమె నోటిమాట పడలేదు కాబట్టి కట్టుకథ. రెండూ నోటిమాటలేనని ముందు మనం ఒప్పించాలి.

‘రైతు’ అనే పదం పుట్టుక

1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు నిర్ణయం తెచ్చింది. జమీందారుకి సన్నదు ఇచ్చింది. అదే సంవత్సరం కరణాల మీద వేరే రెగ్యులేషన్ తెచ్చి లెక్కలు ఎవరు రాయాలో తేల్చింది. రైత్వారీ ప్రాంతాల్లో పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో సర్వే జరిగింది. జమీందారీ ఊళ్ళల్లో చాలాచోట్ల ఎస్టేట్ల రద్దు తర్వాతగానీ సర్కారు సర్వే, సెటిల్మెంటు రాలేదు. కాబట్టి ఇటువంటి ఊళ్ళల్లో నూటయాభై ఏళ్ళపాటు ఎవరు ఏ చేను చేశారన్నది జమీందారు కచ్చేరీ లెక్కల్లోనూ కరణం పెట్టెలోనూ ఉండిపోయింది.

1908 ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు రైతుకి ఒక నిర్వచనం ఇచ్చింది. దాని సారం ఇది: ఎస్టేటులో రైతీ భూమిని వ్యవసాయం కోసం, భూస్వామికి శిస్తు కట్టే షరతు మీద అనుభవిస్తున్నవాడు రైతు. నాగలి ఎవరు పట్టారని ఈ చట్టం అడగలేదు. శిస్తు ఎవరి పేరున జమ అయిందని మాత్రమే అడిగింది. 1938లో ప్రకాశం పంతులు అధ్యక్షతన వేసిన కమిటీ భూమికి అసలు యజమాని రైతేనని తేల్చింది. జమీందారు మీద అది గెలుపే. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం ఆ రైతుకే రైత్వారీ పట్టా ఇచ్చింది. ఈ మూడు మెట్లలో ఎక్కడా రైతుకింద పనిచేసినవాడి ప్రస్తావన రాలేదు. జమీందారు పోయాడు, పట్టాదారు వచ్చాడు, పాలేరు పాలేరుగానే మిగిలాడు. అందుకే సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ తెరిస్తే ‘వ్యవసాయ కుటుంబాలు’ వరసగా కనపడతాయి, వ్యవసాయం చేసినవాళ్ళు కనపడరు.

సరిహద్దు దాటి సత్తుపల్లి, మధిర వైపు పోతే పరిస్థితి కొంచెం వేరు. అక్కడ 1954-55 ఖాస్రా పహాణీ ఉంది. పట్టాదారుతోపాటు కబ్జాలో ఉన్నదెవరో రాసే గడి అందులో ఉంది. ఆ గడిలో కూడా రాసేవాడి చేతిని బట్టే రాత ఉంటుంది. కానీ గడంటూ ఉంది. పనులకోసం, పెళ్ళి సంబంధాలకోసం ఇటూ అటూ తిరిగిన దళిత కుటుంబాల చరిత్ర రెండు రాజ్యాల లెక్కల్లో చీలిపోయింది. ఒక వైపే వెతికితే సగమే దొరుకుతుంది.

హద్దులో ఉన్న మనిషి

మరి దళితులు రికార్డులో అసలు లేరా? ఉన్నారు. అయితే యజమాని గడిలో వెతికితే దొరకరు. మూడు చోట్ల చూడాలి.

మొదటిది సేవా ఇనాం. 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ మాన్యాలన్నిటినీ విచారించి రిజిస్టర్లు రాయించింది. అగ్రహారీకుడికి మొదటి గ్రహీత ఎవరు, ఇప్పుడు అనుభవిస్తున్నదెవరు అని తరాలు రాశారు. ఊరికి వెట్టి చేసినవాడి మాన్యం దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు మనిషి కంటే ఉద్యోగమే ముందు నిలబడింది. 1894లో జమీందారీ ఊళ్ళ సేవకుల మీద, 1895లో వంశపారంపర్య గ్రామోద్యోగాల మీద చట్టాలు వచ్చాయి. చిత్రమేమిటంటే, దళితుడి వంశాన్ని సర్కారు గుర్తుపెట్టుకున్న చోటు ఇదొక్కటే. వెట్టి చెయ్యటానికి తండ్రి తర్వాత కొడుకు కావాలి కాబట్టి గుర్తుపెట్టుకుంది. హక్కుకోసం అడిగితే వంశం కనపడదు, చాకిరీకోసమైతే కనపడుతుంది.

రెండోది చెక్కుబందీ. పాత క్రయ దస్తావేజుల్లో నాలుగు దిక్కుల హద్దులు రాస్తారు. అమ్మినవాడూ కొన్నవాడూ పెద్దరైతులే. కానీ తూర్పు హద్దు మాలపల్లె డొంక కావచ్చు, దక్షిణపు హద్దు ఎవరో మాదిగ పెద్ద చేను కావచ్చు. సొంత దస్తావేజు లేని మనిషి పక్కవాడి దస్తావేజులో హద్దుగా నిలబడతాడు. ఆ రోజుకి ఆ చేను ఇతనిదని అతనే ఒప్పుకున్నట్టు కదా. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి ఉంటాయి. పేర్ల సూచికలో దొరకని దళితుణ్ణి ఆస్తుల సూచిక పట్టుకుని పక్క సర్వే నంబర్ల దస్తావేజుల్లో వెతకాలి.

మూడోది పేరు. రిజిస్ట్రేషన్ చట్టం ఒకప్పుడు మనిషి గుర్తుల్లో వృత్తి, తండ్రి పేరుతోపాటు కులం కూడా రాయమంది, తర్వాత ఆ మాట తీసేశారు. ఆ పాత రాతలు చూస్తే పైకులంవాడికి ఇంటిపేరు, చివర గారు, వృత్తి వ్యవసాయం. దళితుడికి ఇంటిపేరు స్థానంలో కులం, చివర గాడు, వృత్తి కూలి. ఇంటిపేరు లేక కాదు. వాడలో ప్రతి ఇంటికీ పేరుంది. పెళ్ళి సంబంధం కలపాలంటే ముందు అదే అడుగుతారు. రాసేవాడికి అక్కర్లేకపోయింది, అంతే.

ఒక కుటుంబం, ఐదు పేర్లు

ఇరవయ్యో శతాబ్దంలో చిక్కు ఇంకా పెరిగింది. మొదట్లో రికార్డు మాల, మాదిగ అనీ, పంచమ అనీ రాసింది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచమ అనే మాటని తోసిపుచ్చి ఆది ఆంధ్ర అనుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరు ఒప్పుకుంది. తర్వాత హరిజన అన్నారు. 1950 ఉత్తర్వుతో షెడ్యూల్డు కులం స్థిరపడింది. బాప్తిస్మం తీసుకున్న శాఖ బి.సి.-సి కిందికి పోయింది. తాత పంచమ, తండ్రి ఆది ఆంధ్ర, కొడుకు ఎస్.సి., అన్న కొడుకు బి.సి.-సి. ఒకే రక్తం, నాలుగు రిజిస్టర్లు.

చర్చి రిజిస్టర్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. 1859లో రాఘవాపురం మాల పెద్ద పగోలు వెంకయ్య డార్లింగ్ దొర దగ్గర క్రైస్తవం పుచ్చుకున్నప్పటినుంచి కృష్ణా మెట్ట పల్లెల్లో సంఘాలు లేచాయి. బాప్తిస్మం, పెళ్ళి, సమాధి పుస్తకాల్లో తల్లిపేరు, తండ్రిపేరు, ఊరు, తేదీ రాశారు. ‘గాడు’ అనే తోక లేకుండా దళితుడి పేరు కాగితం మీదికి వచ్చిన తొలి చోట్లలో ఇదొకటి. స్త్రీ పేరు కూడా వచ్చింది, ఇది ఇంకా ముఖ్యం. కానీ అక్కడా పేరు మారింది. పిచ్చిగాడు పేతురయ్యాడు. రెవెన్యూ కాగితంలో మాత్రం పిచ్చిగాడే ఉన్నాడు. ఇద్దరూ ఒకరేనని సాక్ష్యం చెప్పేది మళ్ళీ వాడలోని ముసలామే.

కాగితం లేని చోట జ్ఞాపకాన్ని దాచుకున్న వ్యవస్థలు కూడా మనకున్నాయి. మాదిగల గోత్రాలు, ఇంటిపేర్లు, జాంబపురాణం డక్కలివాళ్ళు పటం విప్పి చెప్పేవారు. వాళ్ళకీ మిరాశీ ఊళ్ళున్నాయి. కరణం కవిలెకి విలువిచ్చిన పరిశోధన డక్కలి పటాన్ని జానపద కళల కింద జమకట్టి పక్కనపెట్టింది.

ఇది తిండిగింజల సమస్య

ఇదంతా పండితుల వాదన అనుకుంటే పొరపాటు. 1954 జూన్ తర్వాత ఆంధ్ర ప్రాంతంలో పేదలకిచ్చిన డి-పట్టా భూమి అమ్మటానికి వీల్లేదన్న షరతుతో ఇచ్చారు. 1977 అసైన్డ్ భూముల చట్టం ఆ భూమి చేతులు మారితే వెనక్కి తీసుకుని అసలు పట్టా పొందినవాడికి, లేదా వారసులకి ఇవ్వమంది. 2023లో చట్టం సవరించి, ఇరవై ఏళ్ళు దాటిన అసైన్‌మెంట్లకి అసలు లబ్ధిదారుకో వారసులకో పూర్తి హక్కులు ఇస్తామన్నారు. రెండిటికీ కీలకం ఒక్కటే: వారసుడివని రుజువు చెయ్యి. అంటే వంశవృక్షం తెమ్మంటున్నారు. పెద్దరైతుకి వంశవృక్షం అలంకారం, దళిత రైతుకి అది ఎకరం చెలక.

1984లో కరణీకాలు రద్దయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. రికార్డు చేతులు మారిన ప్రతిసారీ, కాగితం నుంచి కంప్యూటర్‌కి ఎక్కిన ప్రతిసారీ, పేరు సరిగా లేనివాడే జారిపోయే ప్రమాదం ఎక్కువ. సాగర్ ఎడమ కాలువ కిందా, మామిడి తోటల పక్కనా మెట్టకి ధర వచ్చినచోట ఆ ప్రమాదం రెట్టింపు.

ఏం చెయ్యాలి?

ఒక జాగ్రత్త ముందు చెప్పాలి. మనమూ ఒక రాజునో ఋషినో మూలపురుషుడిగా తెచ్చుకుని పోటీ వంశచరిత్ర రాసుకోవచ్చు. ఆ పని కరణాలు చేశారు, కులచరిత్రలు చేశాయి. అది వాళ్ళ కొలబద్దనే మన నెత్తిన పెట్టుకోవటం. మన మూలపురుషుడు వెట్టివాడైతే వెట్టివాడనే రాద్దాం. ఆయన ఏ పొలం దున్నాడో, ఎంత గింజకి దున్నాడో రాద్దాం.

విద్యార్థులు, ఉపాధ్యాయులు ఊరికో నోటు పుస్తకం పెట్టాలి. ముందు వాడలో పెద్దల దగ్గర, ముఖ్యంగా ఆడవాళ్ళ దగ్గర, ఇంటిపేర్లు, పుట్టిళ్ళు, ఎవరు ఏ ఆసామి దగ్గర ఎన్నేళ్ళు పాలేరున్నారో రాసుకోవాలి. తర్వాత బాప్తిస్మ పుస్తకం, బడి అడ్మిషన్ రిజిస్టరు. ఆ తర్వాత సేవా ఇనాం, చెక్కుబందీ, డి-పట్టా నకలు. ఈ వరస ముఖ్యం. అడంగల్‌తో మొదలుపెడితే అడంగల్ చూపించినవాళ్ళే కనపడతారు. ప్రతి మనిషికీ రికార్డులో పడ్డ పేర్లన్నీ పక్కపక్కన రాయాలి, పిచ్చిగాడు, పిచ్చయ్య, పేతురు ఒకరేనని ఇద్దరు పెద్దల సాక్ష్యంతో సహా. రేపు తహశీల్దారు ముందు అదే పనికొస్తుంది.

అట్లాంటి నోటు పుస్తకం ఒక్కటి పూర్తయినా ఆ ఊరి వంశచరిత్రలన్నీ మళ్ళీ చదవాల్సి వస్తుంది. ఫలానా సర్వే నంబరుకి పట్టాదారెవరో వాళ్ళు ఎట్లాగూ రాశారు. దాని పక్కన దున్నినవాడి పేరు మనం రాయాలి.