దొరకిన బొమ్మ – తప్పిపోయిన ఆకరము

విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనము పేరు వినగనే గ్రంథాలయోద్యమము స్మృతికి వచ్చును. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు పునాది పడినది. 1935లో పాతూరి నాగభూషణము గారు కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. చదువరి పుస్తకము కడకు రాలేనిచో పుస్తకమే చదువరి కడకు పోయినది. నేడు పాత పత్రికల పుటలను, వ్యంగ్యచిత్రములను, బొమ్మల కథలను వెదకి తెచ్చి అంతర్జాలమున తోడి అభిమానులకు పంచువారి పనియు ఈ కోవలోనిదే యని మేము తలంచుచున్నాము. అయినను ఒక్క భేదము కలదు. పడవలో వచ్చిన పుస్తకమునకు ముఖపత్రముండెను. నేడు చేతికందు బొమ్మకు తరచుగా అది లేదు. సాహిత్య చరిత్రకు దీనివలన కలుగు నష్టమును మన శాఖలింతవరకు తగినంతగా పట్టించుకొనలేదు.

అంతర్జాలముననే పుట్టిన బొమ్మల కథలనుండి ఒక ఉదాహరణము గైకొందము. అమెరికా దేశీయుడగు రాండల్ మన్రో 2005లో ఆరంభించిన 'ఎక్స్‌కేసీడీ' గణితము, భౌతికశాస్త్రము, కంప్యూటరు విద్య తెలిసినవారికి మిక్కిలి ప్రియమైనది. గీతలు పుల్లల బొమ్మలే. రసమంతయు మాటలోను, ఊహలోను గలదు. ప్రతి చిత్రమునకు వరుససంఖ్య కలదు. 404వ సంఖ్య మాత్రము లేదు. కోరిన పుట దొరకనపుడు యంత్రము చూపు సంకేతము 404 గనుక, ఆ లేమియే అచట హాస్యము. చిత్రముపై మౌస్ సూచికను నిలిపినచో మరియొక వాక్యము కనబడును. పెక్కు తావుల అసలు చమత్కారము దానియందే యుండును. బొమ్మను మాత్రము ఎత్తి పంచినవాడు ఆ వాక్యమును జారవిడుచును. సంఖ్య పోయినచో 404 హాస్యమునకు తావే లేదు. ఆ కథలకు అభిమానులే ఒక్కొక్క చిత్రమునకు అర్థతాత్పర్యములు వ్రాసియుంచిరి. వారి పద్ధతి చూడగా మన కోలాచల మల్లినాథసూరి జ్ఞప్తికి వచ్చుట సహజము. పోలిక అతిశయోక్తి యని కొందరు నవ్వవచ్చును. కాని మూలమును ఎదుట నుంచుకొని పదపదమును విప్పుట ఇచటను అచటను ఒక్కటియే.

మనయందును అభిమానులు చేసిన మేలు తక్కువది కాదు. 1947 జూలైలో వెలువడసాగిన 'చందమామ'లో 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట' మున్నగు ధారావాహికలను తరముల బాలురు ఆత్రముతో చదివిరి. వానిని రచించినది దాసరి సుబ్రహ్మణ్యము గారు. పత్రికలో ఆయన పేరు లేదు. చిత్రా గారి సంతకము బొమ్మల మూలలలో నిలిచినది. కర్త మాత్రము అజ్ఞాతుడుగ నుండెను. 2010లో ఆయన కీర్తిశేషులైరి. ఆయన పేరు నేటి పాఠకులలో ఇంతగా వ్యాపించుటకు పాత సంచికలను కూర్చి, చర్చించి, పంచుకొన్న అభిమానుల శ్రమ ముఖ్య కారణము. విశ్వవిద్యాలయములు చేయవలసిన పనిని వారు చేసిరని ఒప్పుకొనుటకు మాకు సంకోచము లేదు. ఆ పని ఫలించుటకు హేతువును గమనింపవలెను. వారు సంచికను సంచికగా పంచిరి. మాసము, సంవత్సరము, ముందు వెనుకల పుటలు చెదరలేదు. అదే పత్రికలోని ఫోటో వ్యాఖ్యల పోటీని చూడుడు. రెండు ఛాయాచిత్రములొక సంచికలో, బహుమతి నొందిన వ్యాఖ్యలు పిమ్మటి మరియొక సంచికలో. ఒక్క పుటను చించి చూపినవానికి ప్రశ్నయైన దొరకును, లేదా జవాబైన దొరకును.

వ్యంగ్యచిత్రముల విషయమున ఈ జాగ్రత్త కానరాదు. తలిశెట్టి రామారావు గారు మొదలు బాపు గారి వరకు, బుజ్జాయి గారి 'డుంబు' వంటి బొమ్మల కథల వరకు, వారపత్రికలలో చెల్లాచెదరైన సంపద అపారము. దానిని చేరదీయువారు బొమ్మ అంచుల వరకు కత్తిరింతురు. తేదీ పోవును, పత్రిక పేరు పోవును, ఒక్కొకచో సంతకమును పోవును. రాజధానిపై ఒక వ్యంగ్యచిత్రము మీ చేతికి వచ్చినదనుకొనుడు. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు కర్నూలు రాజధాని యైనపుడు విజయవాడ–గుంటూరు ప్రాంతమునకై వాదము బలముగా నుండెను. 1956లో హైదరాబాదు రాజధాని యైనది. 2014 విభజన పిమ్మట అమరావతి మాట వచ్చినది. 2019లో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చినది. తేదీ లేని ఆ చిత్రమును ఏ కాలమునకైనను అన్వయింపవచ్చును. నవ్వు వచ్చును, నిజమే. చిత్రకారుడు ఎవరిని, ఏ మాటకు ఎత్తిపొడిచెనో తెలియదు. తెలియని యెడల ఆతని ధైర్యమును గాని, పక్షపాతమును గాని తూచుటకు మార్గము లేదు. ఒకవేళ ఆ చిత్రము ఎదుటి పుటలోని సంపాదకీయమునకే ప్రతివాదమై యుండినచో, మనకు చిక్కినది సగము వాక్యమే.

అభిమానులు ఆనందమునకై పంచుకొందురు, వారిపై సూచీకర్తల భారము మోపరాదని కొందరందురు. ఆ మాట కొంత న్యాయమే. కాని సంచికపేరు, తేదీ, పుటసంఖ్య అను మూడు ముక్కలు వ్రాయుటకు నిమిషము పట్టదు. బొమ్మను విడిగ కాక పుట మొత్తముగ ఛాయాచిత్రము తీసిన ఆ శ్రమయు తగ్గును. ఎక్కువ తప్పు మనదే. ఆకరము లేని బొమ్మలను పరిశోధన వ్యాసములలో అలంకారముగ చేర్చి, క్రింద 'పాత పత్రిక నుండి' యని వ్రాయు విద్యార్థులను మేమెరుగుదుము. వానిని అంగీకరించిన పరీక్షకులనును ఎరుగుదుము.

ఇటీవల మాకొక మిత్రుడు పంపిన చిత్రము మూడు చోట్ల తిరిగి వచ్చినది. మూడింటను అంచులు లేవు. కాగితము పలుచనిదగుటచే వెనుక వైపు ముద్రణ నీడవలె కనబడుచున్నది. అద్దములో చూచి అక్షరములను కూడబలుకగా అది చలనచిత్ర ప్రకటన యని తేలినది. చిత్రము పేరులో మొదటి రెండక్షరములు స్పష్టముగ నున్నవి. తక్కినవి కత్తెరకు ఆవల నుండిపోయినవి.