పేరు దాచి జంతువును చూపే ఆట

పిల్లలకు జంతువుల పేర్లు నేర్పాలంటే మనకు వెంటనే గుర్తొచ్చేది గోడకు వేలాడే పటం. వరుసగా బొమ్మలు, కింద పేర్లు. టీచరు కర్రతో చూపిస్తుంటే పిల్లలు గొంతెత్తి చెబుతారు. నెల తిరిగేసరికి ఏ గడిలో ఏముందో కంఠతా వచ్చేస్తుంది. పటం తీసేసి "ఒంటె ఎలా ఉంటుందిరా?" అని అడిగితే మాత్రం "పెద్దగా ఉంటుంది" దగ్గరే ఆగిపోతారు. పేరు వచ్చింది గానీ వర్ణించడం రాలేదు. ఈ లోటు తీర్చే ఆటలు కొన్ని మాంటిస్సోరి బడుల్లో ఉన్నాయి. సరంజామా చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. కొన్ని కార్డులు, కొన్ని బొమ్మలు, ఒక గుడ్డ సంచి. పనితనమంతా వాటిని వాడే వరుసలో ఉంది.

మరియా మాంటిస్సోరి వృత్తిరీత్యా వైద్యురాలు. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో తన మొదటి పిల్లల ఇల్లు తెరిచింది. అంతకుముందు మానసిక ఎదుగుదల లోపించిన పిల్లలతో పనిచేసింది. ఆ రోజుల్లో ఎడ్వార్డ్ సెగాన్ అనే ఫ్రెంచి వైద్యుడి పుస్తకాలను ఇటాలియన్‌లోకి తెచ్చుకుని, స్వహస్తాలతో రాసుకుంది. ఆయన దగ్గర దొరికిన మూడు మెట్ల పాఠమే మాటలు నేర్పడంలో నేటికీ ఆ బడుల పద్ధతి.

మొదటి మెట్టులో టీచరు రెండు మూడు బొమ్మలే చాప మీద పెడుతుంది. "ఇది మేక. ఇది గొర్రె. ఇది గేదె." అంతే, ఇంకో ముక్క కలపదు. రెండో మెట్టులో పేరు టీచరే చెబుతుంది, పని పిల్లవాడు చేస్తాడు. "గొర్రెను నా చేతికివ్వు. గేదెను కిటికీ దగ్గర పెట్టు. మేకను గొర్రె వెనక దాచు." మూడో మెట్టులో బొమ్మను చూపించి "ఇదేమిటి?" అని అడుగుతుంది.

మనం మామూలుగా చేసే పొరపాటు మొదటి మెట్టు నుంచి నేరుగా మూడో మెట్టుకు దూకడం. ఇలా చెప్పి అలా అప్పజెప్పమంటాం. ఈ పాఠంలో ఎక్కువ సేపు గడిచేది నడిమి మెట్టు మీద. పిల్లవాడు నోరు తెరవక్కర్లేదు, తప్పు చెబుతానేమోనన్న బెరుకు ఉండదు. చెవి ఆ పేరును పదిసార్లు వింటుంది, చెయ్యి ఆ బొమ్మను పదిసార్లు పట్టుకుంటుంది. గొర్రె బదులు మేకను అందించినా టీచరు "కాదు" అనదు. పాఠాన్ని అక్కడితో ముగించి, మరో రోజు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎత్తుకుంటుంది.

పేర్ల తర్వాత అవయవాలు. ఇందుకోసం ఎంచుకునే జంతువులు ఐదు: చేప, కప్ప, తాబేలు, పక్షి, గుర్రం. వెన్నెముక ఉన్న ప్రాణుల్లోని ఐదు తరగతులకు ఒక్కొక్క ప్రతినిధి అన్నమాట. ఆ సంగతి పిల్లలకు అప్పుడే చెప్పరు. పెద్ద తరగతుల్లో వర్గీకరణ వచ్చేసరికి ఆ ఐదూ వాళ్లకు పాత నేస్తాలే. గుర్రం కార్డులే తీసుకుంటే, ప్రతి కార్డు మీదా అదే గుర్రం, అదే నిలుచున్న తీరు. ఒక కార్డులో జూలు ఒక్కటే ఎర్రగా ఉంటుంది, తక్కినదంతా ఉత్త గీత. ఇంకో కార్డులో గిట్టలు ఎరుపు, మరోదాంట్లో తోక. ఎరుపు ఎక్కడుంటే కన్ను అక్కడికే పోతుంది. "ఇటు చూడు" అని టీచరు చెప్పాల్సిన మాటను రంగే చెప్పేస్తుంది.

ఈ కథలో మన దక్షిణాదికీ చోటుంది. 1939 చివర్లో మాంటిస్సోరి మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి శిక్షణ తరగతుల కోసం వచ్చింది. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగడంతో కొడుకు మారియోను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. ఆమె డెబ్బయ్యో పుట్టినరోజుకు వదిలిపెట్టింది. 1942 నుంచి 44 దాకా తల్లీకొడుకులు కొడైకెనాల్‌లో ఉన్నారు. కొండల మీది చెట్టూ చేమా, పురుగూ పుట్రా, చుట్టూ రకరకాల వయసుల పిల్లలు. సింహళం నుంచి వచ్చిన లేనా విక్రమరత్నెతో కలిసి వాళ్లు ప్రకృతి పాఠాల మీద పనిచేసింది అక్కడే.

ఇక అసలు ఆట "నేనెవరిని?". కార్డు మీద ఒక జంతువు తన గురించి తానే చెప్పుకుంటుంది, పేరు మాత్రం చెప్పదు. విన్నవాళ్లు పోల్చుకోవాలి. ఆ అల్లిక తెలియడానికి మన ఊరి జంతువుతో ఒక కార్డు రాసి చూద్దాం.

నాకు నాలుగు కాళ్లు. కాళ్లకు గిట్టలు. తిన్న మేతను తీరిగ్గా నెమరు వేస్తాను. నా ఒళ్లు నల్లన, వెంట్రుకలు పలచన. ఎండాకాలంలో చెరువు కనిపిస్తే మెడదాకా మునిగి పడుకుంటాను. నేనెవరిని?

ముందు పిల్లల ఎదుట పన్నెండు బొమ్మలుంటాయి అనుకోండి. "నాలుగు కాళ్లు" అనగానే కాకి, పాము, చేప పక్కకు తప్పుకుంటాయి. "గిట్టలు" అనగానే కుక్క, పిల్లి, సింహం పోతాయి. "నెమరు" అనే మాటతో గుర్రం, పంది వెళ్లిపోతాయి. పందికి చీలిన గిట్టలున్నా అది నెమరు వేయదు. ఇప్పుడు మిగిలినవి ఆవు, గేదె, మేక, గొర్రె. నలుపు నల్ల మేకకూ ఉంది కాబట్టి అది ఇంకా బరిలోనే ఉంటుంది. చెరువు మాట వచ్చాక గేదె ఒక్కటే నిలుస్తుంది. చేనేతలో ఒక్క పోగు వరుస తప్పితే అంచు చెడినట్టు, చెరువు వాక్యాన్ని మొదట పెడితే ఆట అక్కడే అయిపోతుంది. ఎక్కువ జంతువులకు సరిపోయే గుణం ముందు, ఒక్కదానికే సరిపోయేది చివర. ఈ వరుస కుదర్చడంలోనే కార్డు రాసినవారి నేర్పు తెలిసిపోతుంది.

మన పొడుపు కథలూ పేరు దాచేవే. అయితే పొడుపు కథ అడ్డుతోవ పట్టిస్తుంది, ఒకటి చెప్పి ఇంకొకటి తలపిస్తుంది. అందులో అందం చమత్కారానిది. ఈ కార్డులో చమత్కారం బొత్తిగా ఉండదు, ప్రతి వాక్యమూ నిజమే. పిల్లవాడు గెలవాలంటే తెలివి కన్నా చూపు కావాలి, గేదెను ఒకసారైనా నిలబడి చూసి ఉండాలి. రెండు ఆటలూ పిల్లలకు అవసరమే. వర్ణన నేర్పడానికి మాత్రం రెండోదే బలమైనది.

ఆటను తిరగేస్తే అసలు ఫలితం బయటపడుతుంది. ఒక పిల్ల బొమ్మను కొంగు కింద దాస్తుంది, తక్కినవాళ్లు అవును, కాదు అనే జవాబొచ్చే ప్రశ్నలే అడగాలి. కొత్తలో అందరూ "పులా? సింహమా? ఏనుగా?" అంటూ పేర్ల మీద పడతారు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో జంతువే తప్పుకుంటుంది. కొన్నాళ్లకు ఎవరో ఒకరు "గుడ్లు పెడుతుందా?" అంటారు. ఒక్క దెబ్బతో సగం బొమ్మలు తేలిపోతాయి. ఆ ప్రశ్న వచ్చిన రోజు ఆ పిల్ల పేర్ల దశ దాటి గుణాల దశలోకి అడుగుపెట్టిందని టీచరు గుర్తించాలి.

గుడ్డ సంచి ఆటలో కన్నుకు పని ఉండదు. సంచిలో చెయ్యి పెట్టి, తడిమి, తగిలింది తగిలినట్టు చెప్పాలి. నున్నగా ఉందా, గరుకుగా ఉందా, మూపురం ఉందా, కొమ్ము వంకర తిరిగిందా, మెడ కింద గంగడోలు వేలాడుతోందా. "పెద్దగా ఉంటుంది" అనే జవాబు ఇక్కడ చెల్లదు, ఎందుకంటే సంచిలో ఏనుగైనా ఎలుకైనా గుప్పెడే.

బొమ్మల ఎంపికలో ఒక జాగ్రత్త తీసుకోవాలి. నీలం గుర్రం, టోపీ పెట్టుకున్న కప్ప ఈ ఆటకు పనికిరావు. అసలు జంతువు రూపం, అవయవాల పొందిక బొమ్మలో ఉండాలి. ఏటికొప్పాక లక్కబొమ్మలు తరిమెన మీద తిప్పి చేసేవి కాబట్టి చేతికి హాయిగా ఉంటాయి గానీ వాటిలో అవయవాల వివరం తక్కువ. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆ పద్ధతిలో చేసిన ఆవు, ఏనుగు లాంటివి ఈ పాఠానికి బాగా కుదురుతాయి. ఇక పేర్ల మాటకొస్తే, పిల్లలు గేదె అన్నా, బర్రె అన్నా, ఎనుము అన్నా జవాబు సరైనదే.

ఈ ఆటలకు ఒక పరిమితి ఉంది. బొమ్మ ఎంత బాగున్నా ప్రాణమున్న జంతువుకు సాటి రాదు. నెమరు వేస్తున్న దవడను చూడని పిల్లకు ఆ మాట వట్టి శబ్దమే. అందుకే ఈ పద్ధతిలో నిజం ముందు, బొమ్మ తర్వాత, కార్డు చివర. మన ఊళ్లలో ఆ మొదటి మెట్టుకు ఖర్చే లేదు, గొడ్ల చావిడి దాకా నడిస్తే చాలు. నగరాల్లో ఉన్నవారికి వీధి కుక్క, పావురం, బల్లి ఉండనే ఉన్నాయి.

టీచర్లకూ, అమ్మానాన్నలకూ ఒక మాట. కొత్త పటం కొనేముందు ఐదు వాక్యాల కార్డు ఒకటి మీ చేతులతో రాయండి. మొదటి వాక్యానికే పిల్లలు జవాబు చెప్పేస్తే వరుస మార్చండి. చివరి వాక్యం దాకా వచ్చినా ఎవరూ చెప్పలేకపోతే పిల్లల్ని తీసుకెళ్లి ఆ జంతువును చూపించండి.