మూపు మీద పందెం

సంక్రాంతి వచ్చిందంటే గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల పల్లెల్లో కబుర్లన్నీ ఎడ్ల జతల చుట్టూనే తిరుగుతాయి. శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి, ఊరి తిరునాళ్ల దాకా అదే సందడి. ఏ ఊళ్లో బండ ఎంత బరువు, ఎవరి గిత్తలు దిగుతున్నాయి, పోయినేడు మొదటి బహుమతి ఎవరు పట్టుకుపోయారు అన్నవే మాటలు.

బండలాగుడు పైకి చూస్తే మొరటు బలంతో ఆడే ఆటలా కనిపిస్తుంది. దగ్గర నిలబడి చూస్తే అందులో ఎంత పనితనముందో తెలుస్తుంది. ముందు వయసు తేల్చాలి. గిత్త కింది పెదవి దించి ముందు పళ్లు చూస్తారు. పశువుకు పై దవడలో ముందు పళ్లుండవు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ పైన జూనియర్లు, సీనియర్లు అని విభాగాలు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. ఇచ్చిన గడువులో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వారిదే గెలుపు. దూరం అడుగుల్లో కొలుస్తారు, పోటీ బిగిస్తే అంగుళాల దాకా వెళ్తారు.

అసలు కష్టమంతా బండ కదిలే మొదటి క్షణంలో ఉంది. నేలను పట్టుకుని కూర్చున్న రాయిని లేపాలంటే రెండు ఎడ్లూ ఒక్కసారే తల వంచాలి, కాడిని మూపుకు ఆనించుకోవాలి, గిట్టలు మట్టిలో దించి ఒంటి బరువంతా ముందుకు వేయాలి. దాపటిది అరక్షణం ముందు దూకినా కాడి వాలిపోతుంది, ఎలపటిదాని బలం వృథా అవుతుంది. కదిలాక ఆగకూడదు. ఆగితే మళ్లీ మొదటి కష్టమే. బరి చివర మలుపులో లోపలి ఎద్దు అడుగు తగ్గించాలి, బయటిది పెంచాలి. అక్కడ పోగొట్టుకున్న సమయం మళ్లీ రాదు. అందుకే పెద్ద ఎద్దును కొనడం కన్నా దానికి సరైన జోడు వెతకడం కష్టమంటారు పందెపు రైతులు. ఉలవలు, పత్తి గింజలు, తవుడు పెట్టి, రోజూ నడిపించి, ఒళ్లు రుద్ది, ఒకే పిలుపుకు రెండూ కదిలేలా నెలల తరబడి అలవాటు చేస్తారు. బరిలో కనిపించేది ఆ పెంపకం ఫలితం.

ఎద్దు పోటీ అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది స్పెయిన్. అక్కడా కథంతా మూపు మీదే నడుస్తుంది, తీరు మాత్రం వేరు. మూడు అంకాల్లో మొదటిదానిలో గుర్రం మీది పికడోర్ ఈటెతో ఎద్దు మెడ వెనక ఉబ్బిన కండరాన్ని పొడుస్తాడు, తల కిందికి దిగడం కోసం. రెండో అంకంలో ముళ్ల కర్రలు గుచ్చుతారు. మూడోదానిలో మటడోర్ ఎర్రగుడ్డ పట్టుకుని ఎద్దును ఒంటికి ఆనుకునేంత దగ్గరగా తిప్పి, చివరికి భుజాల మధ్య కత్తి దించుతాడు. ఎద్దుకు ఎరుపు పచ్చ తేడా సరిగా తెలియదు, అది కదలికను చూసి దూకుతుంది. ఆ మనిషి ధైర్యాన్ని నేను తక్కువ చేయను. 1947లో లినారెస్‌లో మనొలెతే అంతటి ఆటగాడే కొమ్ముకు బలయ్యాడు. కానీ ఆ ఆట ఎద్దు చావు కోసమే కూర్చినది. ప్రాణభిక్ష దొరికేది ఎప్పుడో ఒకదానికి. కెటలోనియా పార్లమెంటు 2010లో ఆ ఆటను నిషేధిస్తే, 2016లో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. గొడవ ఇంకా తేలలేదు.

మన దగ్గరా తేలలేదు. ప్రదర్శనలకు వాడరాని జంతువుల జాబితాలో కేంద్రం 2011లో ఎద్దును చేర్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండ్ల పందేలనూ ఆపింది. మెరీనా తీరంలో ఉద్యమం లేచాక 2017లో తమిళనాడు చట్టం సవరించుకుంది. కర్ణాటక, మహారాష్ట్ర అదే దారి పట్టాయి. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సవరణలను సమర్థిస్తూ, నిబంధనలు కచ్చితంగా అమలు కావాలని చెప్పింది.

బండలాగుడులో ఎద్దు ఇంటికి తిరిగొస్తుంది. నాకు ఇది పెద్ద తేడా. అయినా దాన్ని చూపించి మిగతా తప్పులు దాచలేం. చివరి నిమిషాల్లో జత నీరసిస్తే చుట్టూ ఉన్నవాళ్లు చర్నాకోలతో బాదడం, తోక మెలిపెట్టడం, ములుకర్రతో పొడవడం ఎన్నో బరుల్లో జరిగేదే. ములుకు పోటుకు ఎద్దు ఉలిక్కిపడి ఎగురుతుంది, పక్కదానితో అడుగు తప్పుతుంది. నెలల తరబడి నేర్పినదంతా ఆ ఒక్క పోటుతో చెడుతుంది. బండి ఎడ్ల కోసం 1965లో చేసిన కేంద్ర నిబంధనలే మొన ఉన్న కర్ర వాడొద్దన్నాయి.

ఇంత పట్టుదలగా రాయడానికి కారణం మా తీరమే. మైపాడు నుంచి ఇందుకూరుపేట మీదుగా నెల్లూరు వెళ్లే దారిలో దుక్కి ఎడ్లు కనబడటం అరుదైపోయింది. మాగాణిలో దుక్కి ట్రాక్టరుది, కోత మిషనుది. మరోవైపు రొయ్యల గుంటలు. పొలంలో పనిలేని గిత్తకు రైతు ఎందుకు మేత పెట్టాలి? ఈ నేల ఒంగోలు జాతి సముద్రం దాటి బ్రెజిల్లో ‘నెలోరె’ పేరుతో అక్కడి మాంసపు మందల్లో అతిపెద్ద జాతి అయింది. ఒంగోలు 1904 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి, అందుకే ఆ పేరు. ఇక్కడేమో జాతిని నిలబెట్టడానికి లాం, చదలవాడ, చింతలదేవి లాంటి ప్రభుత్వ క్షేత్రాలు కావాల్సి వస్తోంది. వాటి బయట, ఊరి కొట్టంలో మంచి గిత్తను ఇంకా మేపిస్తున్నవాటిలో పందెం ముఖ్యమైనది. నిషేధిస్తే ఆ కొట్టం కూడా ఖాళీ అవుతుంది.

అందుకే తిరునాళ్ల కమిటీల పెద్దలకు నా విన్నపం. ఈసారి కరపత్రంలో బహుమతుల పట్టిక పైనే రెండు షరతులు అచ్చువేయించండి: ములుకర్రతో బరిలోకి దిగిన జతకు పోటీ లేదు, పశువైద్యుడు ఆపమంటే గడువు మిగిలున్నా కాడి దించాల్సిందే.