పొయ్యి బయటా, వెచ్చదనం లోపలా

టాటానగర్ చలి గురించి చెబితే కోస్తా చుట్టాలు నమ్మరు. మే నెలలో నిప్పులు చెరిగే ఊరు, జనవరి తెల్లవారుజామున ఎనిమిది తొమ్మిది డిగ్రీలకు దిగుతుందంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. ఆరేడు వారాల ముచ్చట. అందుకే ఇక్కడ చలిని తలుచుకుని ఇల్లు కట్టుకున్నవాళ్ళు లేరు. ఎత్తు కప్పులూ, వెంటిలేటర్లూ అన్నీ ఎండాకాలం కోసమే. పుష్యమాసం రాగానే ఆ వెంటిలేటర్లకు పాత పేపర్లు కుక్కి, తలుపు కింద గోనెపట్టా దోపి, గది మధ్యకు బోర్సీ అనే మట్టి కుంపటి తెచ్చుకుంటారు. నాకు భయమేసేది ఇక్కడే.

గ్యాస్ స్టవ్‌లు రాకముందు సాయంత్రమయ్యేసరికి కదమా, సోనారీ వీధుల్లో ఇంటింటి ముందూ బొగ్గు పొయ్యి రాజుకుంటూ ఉండేది. కింద పిడకముక్కలు, పైన బొగ్గు, పక్కన విసనకర్ర. వీధంతా పొగ కమ్మేది. పొగ తగ్గి బొగ్గు ఎర్రబడ్డాక పొయ్యిని పట్టుకుని లోపలికి తెచ్చేవారు. ‘పొగ పోయిందిగా, ఇంక పరవాలేదు’ అనే మాట అప్పటిదే. వంటింటి కిటికీ తెరిచి ఉన్నంతసేపూ ఆ మాట చెల్లింది. తలుపులేసుకుని పడుకునే గదిలో మాత్రం చెల్లదు. పొగ కళ్ళు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది, నిద్ర లేపుతుంది. ఎర్రటి బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషి మేలుకోడు. ఝార్ఖండ్, బిహార్ పత్రికల్లో ఏటా శీతాకాలం ఈ వార్త వస్తూనే ఉంటుంది, ఊరి పేరు ఒక్కటే మారుతుంది.

విచిత్రమేమిటంటే, ఈ వాయువు సంగతి తెలియని ఊరు కాదిది. 1911 డిసెంబరులో ఇక్కడి ఉక్కు కర్మాగారపు బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి తొలి ఇనుము వచ్చింది. 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మ తయారైంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్ళు తరాలుగా ఆ కొలుముల దగ్గర డ్యూటీ చేశారు. ఫర్నేస్ పైనుంచి వెలువడే గ్యాస్‌లో దాదాపు నాలుగోవంతు ఈ కార్బన్ మోనాక్సైడే. అక్కడ పనిచేసే మనిషికి ‘గ్యాస్’ అన్న మాట వినగానే ఒళ్ళు జలదరిస్తుంది. మా నాన్నగారూ అంతే. బాలింత మంచం కింద కుంపటి పెట్టడం మా నాయనమ్మకు ఆచారం. తలుపు ఓరగా తెరిచి ఉంచాలనేది నాన్నగారి పట్టుదల. బిడ్డకు చలిగాలి కొడుతుందని ఆవిడ, గ్యాస్ పడుతుందని ఈయన. పురుళ్ళు వచ్చినప్పుడల్లా ఇంట్లో ఇదే తగువు.

ఈమధ్య మిన్నెసోటా నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. “మామయ్యా, ఇంటి బయట కట్టెల బాయిలర్ పెట్టిద్దామనుకుంటున్నా, పెద్దదే తీసుకోమంటావా?” అని. అక్కడ రాత్రిళ్ళు సున్నాకు ఇరవై ముప్ఫై డిగ్రీల కిందికి పోతాయి. ఈ బాయిలర్ పెరట్లో చిన్న రేకుల కొట్టులా ఉంటుంది. లోపల కట్టెలు మండుతాయి, చుట్టూ నీళ్ళు కాగుతాయి. ఆ వేన్నీళ్ళు భూమిలో పాతిన గొట్టాల్లోంచి ఇంట్లోకి పోయి వేడినిచ్చి తిరిగొస్తాయి. మన పెరట్లో నడుమ గొట్టంలో బొగ్గులేసి స్నానాలకు నీళ్ళు కాచుకున్న రాగి బాయిలర్‌కు ఇది పెద్దన్నయ్య. నిప్పూ బూడిదా గ్యాసూ అన్నీ గడప అవతలే. ఈ పద్ధతి నాకు నచ్చింది.

అయితే ‘పెద్దదే’ అన్న మాట నచ్చలేదు. ఇంటికి కావలసినదాని కన్నా పెద్దది కొంటే నీళ్ళు త్వరగా కాగిపోతాయి, గాలి మూత పడుతుంది, లోపల కట్టెలు మండకుండా గంటల తరబడి కుములుతాయి. పాత రకాల మీద ఇరుగుపొరుగు తగువులన్నీ ఆ కుమిలే పొగతోనే. పైగా వాటికి పొట్టి పొగగొట్టాలు. పొగ పైకి పోదు, పక్కింటి కిటికీలోకి పోతుంది. అమెరికా పర్యావరణ సంస్థ 2015లో ఈ బాయిలర్ల పొగకు హద్దులు పెట్టి, 2020 నుంచి వాటిని ఇంకా బిగించింది. కొత్త రకాల్లో కట్టెల నుంచి లేచిన వాయువును రెండో అరలోకి పంపి, వేడిగాలి కలిపి మళ్ళీ కాలుస్తారు. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మా ఊరి ఫర్నేస్ కొత్తగా నేర్చుకోవలసిన పాఠం కాదిది. పైనుంచి వచ్చే గ్యాస్‌ను శుభ్రం చేసి, స్టవ్‌లలో కాల్చి, ఆ వేడితోనే ఫర్నేస్‌లోకి ఊదే గాలిని వెయ్యి డిగ్రీలు దాటించడం ఇక్కడ రోజూ జరిగే పని.

మేనల్లుడికి కట్టెల సంగతీ చెప్పాను. అప్పుడే కొట్టిన చెట్టులో బరువుకు సగం దాకా నీళ్ళే. అవి ఆవిరవ్వడానికే మంట వేడి కొంత ఖర్చయిపోతుంది. చీల్చి, పైన కప్పి, పక్కల గాలాడేట్టు పేర్చి, కనీసం ఒక వేసవి ఆరనివ్వాలి. తేమ నూటికి ఇరవై లోపు ఉండాలి. చెక్కలో గుచ్చి చూసే చిన్న మీటరు దొరుకుతుంది. బాయిలర్ కన్నా ముందు అది కొనమన్నాను.

మరి మన టాటానగర్‌కు ఇలాంటి బాయిలరు కావాలా? అక్కర్లేదు. గోడకు గోడ ఆనుకున్న బస్తీల్లో, ఆరు వారాల చలికి, అంత కట్టె కాల్చడం అన్యాయం. ఊరి పక్క దల్మా కొండల సాల చెట్లను ఏనుగులకే వదిలేద్దాం. స్నానానికి పెరట్లో రాగి బాయిలరు, పడకలోకి వేన్నీళ్ళ సంచీ, సాయంత్రం వీధి మొగలో చలిమంట చాలు. చలిమంట దగ్గర ఊరి కబుర్లన్నీ ఉచితం. బోర్సీని వరండా దాటి లోపలికి రానివ్వకండి. తప్పక లోపల వెలిగించాల్సివస్తే ఎదురెదురు కిటికీలు రెండూ తెరవండి, పడుకునే ముందు కుంపటిని బయట పెట్టేయండి. బూడిద కప్పాను కదా అనుకోవద్దు, బూడిద కింద కూడా నిప్పు తెల్లారేదాకా ఆ వాయువును వదులుతూనే ఉంటుంది.