పొట్ట మీద చెయ్యి

లేబర్ రూమ్‌కు కొత్తగా వచ్చిన నర్సు పిల్లలకు నేను ముందు అప్పజెప్పే పని చూడ్డానికి చాలా తేలిక. గర్భిణి పొట్ట పైభాగాన చెయ్యి ఆనించి, గడియారం చూస్తూ పది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. నొప్పి ఎన్నిసార్లు వచ్చింది, ఒక్కోటి ఎన్ని సెకన్లు నిలిచింది, ఎంత గట్టిగా ఉంది అన్నవి చేతికే తెలియాలి. గట్టిదనానికి పాత కొలత ఒకటుంది. వేళ్లతో నొక్కితే ముక్కు కొనలా ఉంటే చిన్న నొప్పి, గడ్డంలా ఉంటే ఓ మోస్తరు, నుదురులా తగిలితే గట్టి నొప్పి. వినగానే నవ్వుతారు. కాసేపటికి ఎవరూ చూడకుండా తమ ముక్కూ గడ్డమూ తడుముకుంటారు.

నన్నడిగితే నొప్పులు రావడం కంటే, అన్ని నెలలు రాకుండా ఆగడమే పెద్ద వింత. మామూలప్పుడు అరవై డెబ్బై గ్రాములుండే గర్భసంచి నెలలు నిండేసరికి కిలో దాకా పెరుగుతుంది. అంత కండరం, లోపల అంత బిడ్డ, అయినా ఊరుకుంటుంది. ప్రొజెస్టిరాన్ హార్మోన్ దాన్ని శాంతంగా ఉంచుతుంది. పైగా అప్పటికి కండర కణాల మధ్య లంకెలు తక్కువ. ఓ మూల బిగుసుకున్నా అది గర్భసంచి అంతటికీ పాకదు.

ఏడో నెల గర్భిణి వచ్చి, “సిస్టరమ్మా, పొట్ట ఉన్నట్టుండి రాయిలా అవుతోంది, నొప్పి మాత్రం లేదు” అంటుంది. 1872లో జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ అనే ఇంగ్లండ్ డాక్టరు వివరించింది ఈ బిగింపునే. కాస్త నడిచినా, పక్కకు తిరిగి పడుకున్నా చాలావరకు సర్దుకుంటుంది. కానీ నెలలు నిండకముందే వరసగా, దగ్గర దగ్గరగా వస్తున్నా, నీరు పోయినా, రక్తం కనిపించినా జీలకర్ర కషాయం తాగించి చూద్దామని ఇంట్లో కూర్చోవద్దు.

చివరి వారాల్లో సంగతి మారిపోతుంది. కణాల మధ్య లంకెలు పెరుగుతాయి. నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు ఎన్నో రెట్లవుతాయి. ఆరో నెలలో పెద్దగా లెక్కచేయని ఆక్సిటోసిన్‌కు తొమ్మిదో నెలలో గర్భసంచి చుక్కలకే పలుకుతుంది. బిగింపు పైనుంచి మొదలై కిందికి దిగుతుంది. ఉరుగ్వేలోని మాంటెవీడియోలో కాల్దేరో-బార్సియా బృందం లోపలి ఒత్తిడిని కొలిచి ఈ వరసను చూపించింది. నొప్పి బలాన్ని లెక్కగట్టే యూనిట్‌కు ఆ ఊరి పేరే ఉంది. ఇంకో విచిత్రం, నొప్పి వదిలాక గర్భసంచి కండరపు పోగులు పూర్తిగా పాత పొడవుకు సాగవు. ప్రతిసారీ కాస్త పొట్టిగానే మిగులుతాయి. అందుకే పైభాగం మందమవుతూ, కిందిభాగం పలచబడుతూ గర్భసంచి ముఖద్వారం తెరుచుకుంటుంది.

మా నర్సు పిల్లలు నొప్పి తగ్గగానే చెయ్యి తీసేస్తారు. అది నాకు నచ్చదు. బిగింపులో మాయకు రక్తం తగ్గుతుంది, వదులైనప్పుడే బిడ్డ తేరుకుంటుంది. పది నిమిషాల్లో అయిదుకు మించి వస్తున్నాయంటే ఎక్కుతున్న ఆక్సిటోసిన్ డ్రిప్‌ను చూసుకోవాలి. బయట కూర్చున్న చుట్టాలకేమో ఇంకా స్పీడు పెంచలేదేమని కోపం. పొట్టకు కట్టే బెల్టు నొప్పి ఎప్పుడొచ్చిందో గీస్తుంది. బలం చెప్పడం దానివల్ల కాదు, బెల్టు వదులైతే గీత పొట్టిదవుతుంది. మానిటర్ వంకే చూస్తూ మంచానికి దూరంగా నిలబడే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది.

బిడ్డ పుట్టాక కూడా పని అయిపోదు. మాయ ఊడిన చోట తెరుచుకున్న రక్తనాళాలను నొక్కిపట్టేవి అడ్డదిడ్డంగా అల్లుకున్న ఈ పోగులే. బిడ్డ రాగానే తొడకు పది యూనిట్ల ఆక్సిటోసిన్ ఇచ్చేదీ అందుకే. మళ్లీ చెయ్యి పొట్ట మీదికే, ఈసారి బొడ్డు దగ్గరికి. గట్టిగా తగిలితే సరే. మెత్తగా ఉంటే రుద్దుతూనే డాక్టర్‌ను కేకేయాలి.

రెండో కాన్పు తల్లులు పాలు పట్టేటప్పుడు, “మొదటిసారి ఇంత నొప్పి లేదే” అని బెంబేలెత్తుతారు. బిడ్డ చీకుతుంటే ఆక్సిటోసిన్ ఊరి గర్భసంచి ముడుచుకుంటోందని, కాన్పు కాన్పుకీ ఈ నొప్పి ఎక్కువేనని ముందే చెప్పి ఉంచితే పాలు మాన్పించరు. రెండు మూడు రోజుల్లో అదే తగ్గుతుంది. ఆరు వారాలకు కిలో బరువు మళ్లీ వంద గ్రాముల లోపుకొస్తుంది.