మొదటి మూణ్ణెల్లు

జెల్ రాసుకోవడానికీ ఒక పద్ధతుంది. స్నానమయ్యాక ఒళ్లు పొడిగా తుడుచుకుని, డాక్టరమ్మ చెప్పిన కొలత తీసుకుని, జబ్బ మీద బయటివైపు గానీ తొడ మీద గానీ పల్చగా పరవాలి. మర్దనా చేయకూడదు. రొమ్ముల దగ్గర రాయనే కూడదు. ఆరేదాకా జాకెట్టు తగలకుండా నిలబడాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కనీసం గంటసేపు ఆ చోట నీళ్లు, లోషను, కొబ్బరినూనె ఏవీ పడకూడదు. చంటిపిల్లల్ని ఆ చేత్తో ఎత్తుకోకూడదు, చర్మం మీద మిగిలిన మందు వాళ్లకి అంటుకుంటుంది. ఇంట్లో మనవలు తిరుగాడేవాళ్లు తొడ మీద రాసుకోవడమే మేలు.

రాసినంత తేలిక కాదు. మే నెలలో విజయవాడలో తుడుచుకున్న ఒళ్లు పొడిగా ఉండేది ఎంతసేపు? ఫ్యాను కింద చేతులు చాపి నిలబడితే మా ఆయన తలుపు తీసి చూసి, ఏమీ అనకుండా మళ్లీ వేసి వెళ్లిపోతాడు.

ఆ జెల్‌లో ఉన్నది ఈస్ట్రడయాల్. ఇన్నేళ్లూ నా అండాశయాలు తయారుచేసి ఇచ్చిందే, ఇప్పుడు బయటినుంచి కొద్దిగా. రాత్రి పడుకోబోయే ముందు ప్రొజెస్టిరోన్ గొట్టం బిళ్ల ఒకటి. గర్భసంచి ఉన్నవాళ్లకి ఈ రెండోది తప్పదు. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొర మందమవుతూ పోతుంది, క్యాన్సర్‌కి దారితీయవచ్చు. ప్రొజెస్టిరోన్ ఆ పొరని అదుపులో ఉంచుతుంది. ఈ వైద్యాన్నే హెచ్‌ఆర్‌టీ అంటున్నారు.

దీనిదాకా ఎందుకు వచ్చానంటే, నిద్ర కోసం. ముట్లాగి ఏడాది దాటింది. ఆవిర్లు పగలు వస్తే ఓర్చుకోవచ్చు. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు కొట్టినట్టు ముఖానికీ మెడకీ కొట్టి, కాసేపటికి చెమటై కారిపోతాయి. వేసవిలోనైతే ఊరి వేడి ఏదో నా వేడి ఏదో నాకే తెలిసేది కాదు. రాత్రుళ్లే ఓర్చుకోలేకపోయాను. నడిజామున గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చేది, దిండు తడిసిపోయి ఉండేది. ఈసీజీ బాగుంది, థైరాయిడ్ బాగుంది. పగలు రాయడానికి కూర్చుంటే మాటలు అందేవి కావు. రాత కోసం పుట్టెడు మాటలు అక్కర్లేదు గానీ, కావలసిన ఒక్కటీ రావాలి కదా.

ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు మెదడులో ఒంటి వేడిని కనిపెట్టి ఉండే చోటు మరీ సున్నితమైపోతుందట. ఒంటి వేడి రవ్వంత పెరిగినా కొంప మునిగినట్టు చర్మం కింది రక్తనాళాలన్నీ తెరిపించి, చెమట పట్టించేస్తుంది. ‘పెద్దయ్యాక ఇవన్నీ మామూలే’ అని అందరూ అనేదాని వెనుక ఇంత వ్యవహారముంది.

మా గైనకాలజిస్టు హార్మోన్ పరీక్షలేవీ రాయలేదు. నలభై అయిదు దాటి, ముట్లాగి, ఈ లక్షణాలున్నవాళ్లకి వాటితో పనిలేదన్నారు. రాసినవి వేరే: బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు, మామోగ్రామ్, పొత్తికడుపు స్కానింగ్. ఇంట్లో ఎవరికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఎవరికి కాళ్లలో రక్తం గడ్డకట్టింది, ఎవరికి చిన్న వయసులో పక్షవాతం వచ్చింది అని మూడు తరాల చరిత్ర అడిగారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లకి, లివర్ జబ్బు ముదిరినవాళ్లకి ఈ మందు సాధారణంగా ఇవ్వరు.

సంగతి తెలిసి గుంటూరు నుంచి అక్క ఫోను చేసింది. “హార్మోన్లు మింగుతున్నావుటే? క్యాన్సరొస్తుందంటారు కదే!”

అక్కకి ముప్పయ్యారో ఏటే ‘పెద్దాపరేషను’ అయింది. తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళితే గర్భసంచి తీసేశారు, పనిలో పనిగా అండాశయాలూ తీసేశారు. ఇంట్లో ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎనిమిది మందికి పైనే. దేశంలో మనవే ముందు వరస రాష్ట్రాలు. అండాశయాలు తీసేసిన మర్నాడే మనిషికి మెనోపాజ్ వచ్చినట్టు. అంత చిన్న వయసులో తీసినప్పుడు, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, మామూలుగా ముట్లాగే వయసు వచ్చేదాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలని వైద్య సంఘాలన్నీ చెబుతాయి. గర్భసంచి లేదు కాబట్టి ప్రొజెస్టిరోన్ కూడా అక్కర్లేదు. అక్కకి ఆ మాట చెప్పినవాళ్లే లేరు. కాల్షియం బిళ్లలు రాసి పంపేశారు.

హార్మోన్లంటే మనకి భయమా అంటే, అదీ నమ్మలేను. వరలక్ష్మీ వ్రతానికీ, తిరుపతి ప్రయాణానికీ, ఆడపడుచు కూతురి పెళ్లికీ ముట్టు వాయిదా వేసుకోవడానికి వాడే బిళ్ల ఏమిటనుకున్నారు? నోరెథిస్టిరోన్. అదీ హార్మోనే. చీటీ లేకుండా, పేరు కూడా తెలియకుండా, ‘ముట్టు ఆగే బిళ్ల’ అని అడిగితే కౌంటరు మీద పెడతారు. పదిహేనేళ్ల పిల్ల చేత కూడా వేయిస్తారు. నేను రాత్రి వేసుకునే ప్రొజెస్టిరోన్‌ని గర్భం నిలవడానికి ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్లకి రాస్తారో లెక్కలేదు. చీటీ చూసిన మందుల షాపు కుర్రాడు “అమ్మాయికాండీ, కోడలికాండీ?” అని అడిగాడు కూడా. నాకే అన్నాను. పాపం, ఆ తర్వాత చిల్లర ఇచ్చేదాకా తలెత్తలేదు. ఇక గర్భనిరోధక మాత్రల్లో మామూలుగా ఉండే ఈస్ట్రోజన్ హెచ్‌ఆర్‌టీలో వాడేదానికంటే బాగా బలమైనది. అంటే పిల్లల కోసం, పెళ్లిళ్ల కోసం, పూజల కోసం హార్మోన్లు వాడొచ్చు. ఆడమనిషి తన నిద్ర కోసం వాడతానంటే మాత్రం అందరికీ క్యాన్సర్ గుర్తొస్తుంది.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2002 జులైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఒక భాగాన్ని గడువుకి ముందే ఆపేశారు. అందులో 16,608 మంది. సగం మందికి గర్భంతో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్‌నీ, మెడ్రాక్సీప్రొజెస్టిరోన్ అనే కృత్రిమ హార్మోన్‌నీ కలిపిన మాత్ర ఇచ్చారు. మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. అసలు మాత్ర వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు పెరిగాయి. పత్రికలు హోరెత్తాయి, లక్షలమంది మందులు పారేశారు. పెరిగింది ఎంత? పదివేల మంది ఏడాదిపాటు వాడితే రొమ్ము క్యాన్సర్ ఎనిమిది మందికి అదనంగా. అధ్యయనంలో చేరినవాళ్ల సగటు వయసు ఎంత? 63. ఆవిర్లతో అల్లాడే యాభయ్యేళ్ల మనిషి మీద కాదు ఆ పరీక్ష ముఖ్యంగా జరిగింది. గర్భసంచి లేనివాళ్లకి ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగాన్ని 2004లో పక్షవాతం కారణంగా ఆపారు గానీ, అందులో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఈ సంగతి మొదటి వార్తంత దూరం ప్రయాణించలేదు.

అరవయ్యేళ్ల లోపు, లేదా ముట్లాగిన పదేళ్ల లోపు మొదలుపెడితే, వేరే అడ్డంకులు లేనివాళ్లకి ఎక్కువగా మేలే అన్నది ఇప్పటి వైద్యుల మాట. చర్మం మీద రాసే మందు మాత్రలా ముందుగా లివర్ గుండా పోదు కాబట్టి మామూలు మోతాదులో రక్తం గడ్డకట్టే భయం పెరిగినట్టు కనబడలేదు. 2025 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుల మీద ఇరవై ఏళ్లకి పైగా ఉన్న పెద్ద హెచ్చరికల్లో చాలావాటిని తీయిస్తున్నట్టు ప్రకటించింది. రెండు మందులూ కలిపి ఏళ్లతరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుందన్నది నిజమే. దాన్ని ఒక పక్కనా, నా రాత్రుల్నీ నా ఎముకల్నీ ఇంకో పక్కనా పెట్టి చూసుకుని ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నాక వచ్చేవే మొదటి వారాలు. చాలామంది మందు మానేసేది అప్పుడే. నా రొమ్ములు సలపడం మొదలైంది. పదమూడేళ్లప్పుడు సలిపినట్టే, మెట్లు దిగుతుంటే చేత్తో పట్టుకోవాలనిపించేంత. పిక్కలు పట్టేసేవి. కడుపు ఉబ్బరం వల్ల సాయంత్రానికి పావడా బొందు వదులు చేయాల్సి వచ్చేది. బిళ్ల వేసుకున్నాక వంటింట్లోకి వెళ్లి పాలు తోడుపెట్టి రాబోతే గోడ పట్టుకున్నాను, తల తిరిగింది.

డాక్టరమ్మ చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చింది, ఏ బాధ ఏ మందు వైపుదో విడదీసి చూడమన్న మాట. రొమ్ముల సలుపు, వికారం, తలనొప్పి, పిక్కలు పట్టడం సాధారణంగా ఈస్ట్రోజన్ వైపువి. మగత, తల తిరగడం, ఉబ్బరం, ఉన్నట్టుండి దిగులు ప్రొజెస్టిరోన్ వైపువి. కచ్చితమైన గీత లేదు, కలిసిపోతాయి. అయినా అలా విడదీస్తేనే సర్దడానికి వీలవుతుంది. ఈస్ట్రోజన్ ఎక్కువైతే కొలత తగ్గించవచ్చు. మాత్రతో వికారం వస్తే జెల్‌కి మారవచ్చు. బిళ్ల తల తిప్పితే దాన్నే యోని లోపల పెట్టుకునేలా డాక్టరు మార్చవచ్చు. ‘నాకు పడలేదు’ అని మొత్తం మానేసేవాళ్లలో చాలామందికి పడనిది కొలతో, దారో అయి ఉంటుంది.

నా విషయంలో బిళ్లది తిండితో తగువు. భోజనం మీద వేసుకుంటే ప్రొజెస్టిరోన్ ఒంటికి ఎక్కువగా పడుతుంది. మా ఇంట్లో రాత్రి భోజనం తొమ్మిదిన్నరకి, నేను బిళ్ల వేసుకునేది పదింటికి. భోజనం ముందుకి జరిపి, పనులన్నీ ముగించి, మంచమెక్కాక వేసుకోవడం మొదలుపెట్టాను. అప్పటినుంచి ఆ మగతే మందైంది. ఏ టీవీ సీరియలూ నన్ను ఇంత త్వరగా నిద్రపుచ్చలేదు.

పాల లెక్క రాసే వెంకట్రామా క్యాలెండర్ మీదే ఇవన్నీ గుర్తులు పెట్టుకున్నాను. ఆవిరికి ఒక చుక్క, సలుపుకి ఒక గీత, మరక కనబడితే ఎర్ర చుక్క. పాలవాడి నాగాలూ నా రాత్రి చెమటలూ ఒకే గడిలో కలిసిపోయిన రోజులున్నాయి.

ఎర్ర చుక్కలే ఇంటిల్లిపాదికీ తెలిసిపోయాయి. రెండు మందులూ రోజూ వాడేవాళ్లకి మొదటి మూడు నుంచి ఆరు నెలలు అప్పుడప్పుడూ మరకలు కనబడటం మామూలే. ముందే తెలుసు నాకు. కానీ శ్రావణ శుక్రవారం పొద్దున్న, గడపకి పసుపు రాసి, కలశానికి కొబ్బరికాయ ఎంచుతున్నప్పుడు కనబడితే? ముట్లాగినప్పుడు మా వాళ్లు ఇచ్చిన ఒకే ఒక్క అభినందన ‘ఇక నోములకి అడ్డుండదు’ అన్నదే. అడ్డు మళ్లీ వచ్చింది. నాకు వ్యక్తిగతంగా ఈ పట్టింపు లేదు గానీ, ఎనభై దాటిన అత్తయ్యగారి ఇంట్లో నా మాట ఒక్కటే నడవదు. వెళ్లి ఉన్న విషయం చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించారు.

“మందు వాడబట్టి వచ్చిందంటావా?”

“అవునత్తయ్యా. లోపలి పొర ఇంకా కుదురుకోలేదట.”

“మరైతే అది మందు చేసిన పని, నెల చేసిన పని కాదుగా. తలంటుకుని పీట మీద కూర్చో.”

ఏ శాస్త్రంలో ఉందో నేను అడగలేదు. వైద్యశాస్త్రంలో మాత్రం అదే ఉంది. అది నెలసరి కాదు, అండం విడుదల లేదు, కుదురుకోని పొర కొద్దికొద్దిగా రాలడమే.

ఆరు నెలలు దాటినా మరకలు ఆగకపోయినా, ఆగి చాన్నాళ్లయ్యాక మళ్లీ మొదలైనా, ఎక్కువగా పోయినా ఇంట్లో తీర్పులు పనికిరావు, స్కానింగ్ చేయించుకోవాల్సిందే. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాటో చూపో తడబడినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని కూర్చునేవి కావు ఇవి.

మూణ్ణెల్ల తర్వాత క్యాలెండర్ కాగితాలు చింపి పట్టుకెళ్లాను. డాక్టరమ్మ పాల లెక్క చూసి నవ్వి, చుక్కలు చూసి తలూపారు. ఆవిర్లు అరుదైపోయాయి. రొమ్ముల సలుపు దానంతటదే తగ్గింది. జెల్ కొలత మార్చలేదు. మరకలకి ఇంకొన్నాళ్లు చూద్దామన్నారు. మోకాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, నడుము చుట్టుకొలతా అంతే. వాటికి ఈ మందు పూచీ పడలేదు కాబట్టి తప్పు పట్టను. మాటలు మాత్రం తిరిగి వస్తున్నాయి. అది ఈస్ట్రోజన్ చలవో, పూర్తి నిద్ర చలవో చెప్పలేం అన్నారావిడ.

“ఎన్నాళ్లు వాడాలి?” అని అడిగాను.

“తేదీ ఏమీ లేదమ్మా. ఏడాదికోసారి మామోగ్రామ్, బీపీ చూసుకుంటూ, ఆ యేటికి కావాలా వద్దా అని మనిద్దరం కూర్చుని తేల్చుకుందాం.”

అక్కనీ వెంట తీసుకెళ్లాను. ఆపరేషనై ఇరవయ్యేళ్లు దాటింది, ఇప్పుడు కొత్తగా ఈస్ట్రోజన్ మొదలుపెట్టడం సరికాదన్నారు. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ రాశారు. తుంటి ఎముక బాగా పలచబడిందని తేలింది. దానికి వేరే మందులున్నాయి, మొదలుపెట్టారు. బయటికొచ్చాక ఆటోలో అక్క చాలాసేపు మాట్లాడలేదు. బెంజి సర్కిల్ దాటాక అడిగింది, “నాది తీసేసినప్పుడు ఈ జెల్లు ఉందిటే?”

ఉందన్నాను.